పెద్దమ్మ పొద్దుటి షిఫ్టు

ఆ ఎండాకాలం మా కంపెనీకి ఊళ్లు అయిపోయాయి.

నిజంగానే అయిపోయాయి. అప్పటిదాకా ఏటా కొత్త కొత్త ఊళ్లలో స్టోర్లు తెరుస్తూ, తెరిచినప్పుడల్లా మా చేతిలో ఓ మిఠాయి ముక్క పెడుతూ వచ్చారు. పెద్ద ఊళ్లు అయ్యాక చిన్న ఊళ్లకు వెళ్లారు. చిన్న ఊళ్లూ అయ్యాక ఒకే రోడ్డు మీద రెండు స్టోర్లు పెట్టి, ఒకదాని బేరం రెండోది తినేస్తుంటే తలలు పట్టుకున్నారు. మరోపక్క జనం ఇంట్లో కూర్చుని ఫోన్లోనే సరుకులు తెప్పించుకోవడం మరిగారు. కొత్తగా వచ్చిన పెద్ద దొరగారేమో కంపెనీని ఇంకా ఎదిగేలా చేస్తానని వాటాదారులకు మాటిచ్చేశాడు. బయట ఎదగడానికి చోటు లేదు కాబట్టి లోపల తవ్వడం మొదలుపెట్టారు. లోపల ఉన్నది మేమే.

నేను క్యాష్ కౌంటర్లో, మా అత్త కూరగాయల దగ్గర. ఒకే స్టోరు, ఒకే నీలం చొక్కా, ఒకే ఇల్లు. స్టోరులో అందరూ ఆవిడను పెద్దమ్మ అనేవారు. నా పెళ్లయిన కొత్తలోనే ఆవిడకూ నాకూ చెడింది. దేనికి చెడిందో ఇద్దరికీ గుర్తు లేదు గానీ, ఇద్దరమూ మర్యాదగా దాన్ని కొనసాగిస్తూ వచ్చాం. ఒక్క విషయంలో మాత్రం మా మధ్య ఎన్నడూ తేడా రాలేదు. ఆవిడది పొద్దుటి షిఫ్టు, నాది మధ్యాహ్నం షిఫ్టు. మధ్యాహ్నం నేను నా కూతుర్ని చంకనేసుకుని స్టోరు వెనక గేటు దగ్గర నిలబడేదాన్ని. ఆవిడ చొక్కాకు అంటిన ఆకుకూర రెబ్బలు దులుపుకుంటూ బయటికొచ్చేది. పిల్ల నా చంకలోంచి ఆవిడ చంకలోకి మారేది. తిన్నదా అని ఆవిడ అడిగితే తిన్నదని నేను చెప్పేదాన్ని. ఆ రోజుకు మా అత్తాకోడళ్ల ముచ్చట్లు అంతటితో సరి.

పిల్లకు నాలుగేళ్లు. ఏది కనిపిస్తే దానిమీదికి ఎక్కేస్తుందని ఉడత అని పిలిచేవాళ్లం. నేను పని ముగించుకుని ఇల్లు చేరేసరికి నిద్రపోయి ఉండేది. సాయంత్రం ముద్దలు కలిపి పెట్టడం, కథలు చెప్పడం, జో కొట్టడం అన్నీ నానమ్మవే. నాకు లోపల కుళ్లుగా ఉండేది, కాదనను. కానీ ఆ ఏర్పాటే లేకపోతే మా ఇద్దరి ఉద్యోగాల్లో ఒకటి ఉండదు. మా ఆయన లారీ డ్రైవరు. వారాల తరబడి దూరాలు తిరిగి, చుట్టం చూపుగా ఇంటికి వచ్చి పోయేవాడు.

ఆ వేసవి మొదట్లో హెడ్డాఫీసులో ఓ కొత్త కంప్యూటరు పెట్టారు. ఏ గంటకు ఎంత బేరం ఉంటుందో ముందే పసిగట్టి, ఏ గంటకు ఎవరు పనిలో ఉండాలో అదే తేలుస్తుందట. రేపటి షిఫ్టు ఈ సాయంత్రం ఫోన్లో మెసేజీగా వస్తుంది. బేరం పలచగా ఉంటే సగం షిఫ్టులోనే ఇంటికి పొమ్మంటుంది, జనం పెరిగితే ఇంటినుంచి మళ్లీ రమ్మంటుంది. మా మేనేజరు, నున్నగా దువ్విన జుట్టూ మెడలో టై ఉన్న కుర్రాడు, మమ్మల్నందరినీ పోగేసి ఈ సంగతి చెప్పాడు. చివర్లో, "నా చేతిలో ఏమీ లేదు, అంతా కంప్యూటరే" అన్నాడు. ఆ వేసవంతా మేం ఏం అడిగినా ఆయన దగ్గర అదే జవాబు. మాకు కంఠతా వచ్చేసింది.

ఆ కంప్యూటరుకు మా ఉడత సంగతి ఎవరూ చెప్పలేదు. మొదటి వారంలోనే అత్తకూ నాకూ ఒకే పొద్దుటి షిఫ్టు వేసింది. పక్కింటి టైలరమ్మ కాళ్లావేళ్లా పడి పిల్లను ఆవిడ దగ్గర ఉంచాం. రెండోసారి కూడా అదే జరిగింది. మూడోసారికి టైలరమ్మ తలుపు తాళం వేసి చెల్లెలింటికి వెళ్లిపోయింది. ఆవిడను అని లాభం లేదు, ఆవిడకూ ఓ బతుకుంది. ఏం చెయ్యాలో తోచక నేను గుమ్మంలో నిలబడి ఉంటే, అత్త పిల్లను ఎత్తుకుని బస్సెక్కేసింది.

ఆ పొద్దున నేను నా కౌంటర్లోంచి మెడ సాచి చూస్తే, కూరగాయల దగ్గర ఓ ఖాళీ ట్రాలీలో ఉడత కూర్చుని ఉంది. చేతిలో క్యారెట్. కొనడానికి వచ్చినవాళ్లంతా ఆగి ముద్దు చేస్తున్నారు. అత్త ఏమీ ఎరగనట్టు పాత టమాటాలు ముందుకూ కొత్తవి వెనక్కూ సర్దుకుంటూ పోతోంది. ఇంతలో మేనేజరు రానే వచ్చాడు. ఇదేమిటని అడిగితే, నా మనవరాలు బాబూ అంది. అది తెలుస్తోంది, ఇక్కడెందుకుందని అడిగాడు.

"మీ కంప్యూటరు నాకూ దీని తల్లికీ ఒకటే టైము వేసింది. మరి దీనికి ఏ టైము వేసిందో కాస్త చూసి చెప్పండి" అంది అత్త.

చుట్టుపక్కల నాలుగు కౌంటర్ల దాకా నవ్వులు వినిపించాయి. మేనేజరు మాత్రం నవ్వలేదు. మమ్మల్నిద్దర్నీ తన గదికి పిలిచి, ఈసారికి ఊరుకుంటున్నానన్నాడు. ఇంకోసారి పిల్ల స్టోరులో కనబడితే గానీ, ఇద్దరిలో ఎవరైనా షిఫ్టుకు రాకపోతే గానీ, ఒకరు ఉద్యోగం వదులుకోవలసి ఉంటుందన్నాడు. ఎవరో మీరే తేల్చుకోండి అని కూడా అన్నాడు. ఆ మాట ఎంత మెత్తగా అన్నాడో నాకిప్పటికీ గుర్తే.

ఆ వారమే మా ఆయన ఇంటికొచ్చాడు. భోజనాల దగ్గర విషయమంతా విని, కాసేపు గొంతు సవరించుకుని, అమ్మకు కూడా వయసు మీద పడుతోంది కదా అని మొదలుపెట్టాడు. అత్త గరిటె పట్టుకున్నది పట్టుకున్నట్టే ఆగి ఆయన వైపు చూసింది. ఆయన వెంటనే మాట మార్చి, పోనీ పిల్ల కాస్త పెద్దదయ్యేదాకా నువ్వు, అని నా వైపు తిరిగాడు. నేనూ చూశాను. తల్లికీ పెళ్లానికీ మధ్య ఇరుక్కున్న మగాణ్ని చూస్తే జాలేస్తుందంటారు. నాకైతే వెయ్యలేదు.

"మీ నాన్న పోయాక నా చెప్పులు నేను కొనుక్కున్నది ఈ ఉద్యోగంలో చేరాకేరా" అంది అత్త. "అంతకుముందు ఎవరో ఒకరిని అడిగి కొనుక్కున్నదాన్నే. మళ్లీ అడగను. నేను మానను."

నేనూ మాననన్నాను. నా దగ్గర అంత చక్కటి మాటేదీ లేదు గానీ, సంగతి అదే. ఆయన తల వంచుకుని మజ్జిగ కూడా పోసుకోకుండా లేచాడు. మర్నాడు లారీ ఎక్కుతూ, మీరిద్దరూ ఏదో ఒకటి తేల్చుకోండి అన్నాడు. మేనేజరుకూ మా ఆయనకూ మధ్య నాకు పెద్ద తేడా కనిపించని రోజది.

తేల్చుకోవడానికి నేనెంచుకున్న దారి వేరు. స్టోరు వెనక టీ బడ్డీ దగ్గర ఓ పెద్దాయన రోజూ కనిపించేవాడు. ఎండకైనా నీడకైనా గొడుగు చంకలో ఉండాల్సిందే. అందుకే గొడుగాయన అనేవాళ్లం. ఇంకో పెద్ద దుకాణాల కంపెనీలో సంఘం కట్టి గెలిచిన మనిషి. చేపలు కోసే విభాగంలో పనిచేసే కత్తి నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్లాడు. కత్తి అన్నది వాడి చేతిలో ఉండే సాధనాన్ని బట్టి వచ్చిన పేరు, కానీ నోటికి కూడా సరిపోయేది. గొడుగాయన మాకు ప్రపంచాన్ని మార్చేద్దామని చెప్పలేదు. ఒక్కటే అడుగుదామన్నాడు. ఎవరి షిఫ్టు ఏదో నెల ముందే చెప్పాలి, చెప్పాక మార్చకూడదు. అది నా కడుపులో మాటే. ఆ వారంలోనే నేను కౌంటర్ల వైపు తిరిగి తిరిగి జనాన్ని కూడగట్టడం మొదలుపెట్టాను. చూస్తే అందరిళ్లలోనూ ఓ ఉడత ఉంది. ఒకరికి మంచం పట్టిన తండ్రి, ఇంకొకరికి సాయంత్రం కాలేజీ, మరొకరికి రెండో ఉద్యోగం. మాకు ఒకే టైము పడ్డ రోజున మళ్లీ టైలరమ్మ కాళ్లే పట్టుకుని నెట్టుకొచ్చాం.

అత్త మాత్రం సంఘం మాటెత్తితే మొహం తిప్పుకుంది. స్టోరు తెరిచిన రోజునుంచీ ఉన్న మనిషి. లోపలికి వచ్చే దారిలో గోడ మీద, క్యాబేజీ పట్టుకుని నవ్వుతున్న ఆవిడ ఫొటో ఇంత పెద్దది ఉండేది. దానికింద 'మనమంతా ఒకే కుటుంబం' అని రాసి ఉండేది. కంపెనీ నాకు ఇంత చేసింది, దానిమీద గొడవకు నేను రాను అంది. ఫొటోలో కూడా మీచేత బరువు మోయించారు అత్తయ్యా అన్నాను. దాంతో మాకు మాటలు పూర్తిగా పోయాయి. అప్పటినుంచి ఇంట్లో మా కబుర్లన్నీ ఉడత ద్వారానే నడిచాయి. నానమ్మకు బస్సు టైమయిందని చెప్పు అని నేనంటే, మీ అమ్మ తువ్వాలు తడి ఆరెయ్యలేదని చెప్పు అని ఆవిడ అనేది. అది ఇటొకటి అటొకటి మోసుకెళుతూ, మధ్యలో సొంత మాటలు కూడా కలిపేది. ఓసారి నా కబురుగా వెళ్లి, అమ్మ నిన్ను బిస్కెట్లు దాచిపెట్టొద్దంది అని చెప్పి, డబ్బా కిందికి దింపించుకుంది.

స్టోరులో సగానికి పైగా సంఘం కావాలన్నాక, కార్మిక శాఖవాళ్లు ఓటింగుకు రోజు ఖాయం చేశారు. ఆ కబురు తెలియగానే హెడ్డాఫీసు నుంచి జోనల్ మేడమ్ దిగింది. పనివేళల్లో గోడౌన్లో అట్టపెట్టెల మధ్య మమ్మల్ని కూర్చోబెట్టి మీటింగులు పెట్టడం మొదలైంది. అంతవరకూ వేడికి ఉడికిపోతున్నా వెయ్యని ఏసీ, ఆ మీటింగుల్లో మాత్రం చలి పుట్టేలా వేసేవారు. కంపెనీ కష్టకాలంలో ఉందని, ఎదుగుదల ఆగిపోయిందని, ఇలాంటప్పుడు సంఘాలంటే స్టోరే మూసెయ్యాల్సి రావచ్చని చెప్పింది. చెప్పిన తీరు నెమ్మదిగానే ఉంది గానీ, విన్నవాళ్లకు ముచ్చెమటలు పట్టాయి. మనమంతా ఒకే కుటుంబం అని ఆవిడ ముగించగానే, నా వెనక కూర్చున్న కత్తి, కుటుంబమైతే ఆస్తి ఎప్పుడు పంచుతారో అడగనా అని గొణిగాడు. నవ్వు ఆపుకోలేక చచ్చాను. కానీ ఆ మీటింగులు పనిచేశాయి. నాతో వస్తామన్నవాళ్లు ఒకరొకరే టీ బడ్డీ దగ్గరికి రావడం మానేశారు.

ఓటింగు ఇంకో వారముందనగా, ఓ శనివారం సాయంత్రం అత్త ఇంటికి వస్తూనే ఉడతను పక్కన పెట్టి నాతో నేరుగా మాట్లాడింది. అలా మాట్లాడి ఎన్నాళ్లయిందో, నాకు భయం వేసింది.

మేనేజరు తన గదికి పిలిచి కుర్చీ వేశాడట, టీ తెప్పించాడట. సోమవారం మీటింగులో జోనల్ మేడమ్ ముందు పెద్దమ్మ నాలుగు మాటలు మాట్లాడాలట. సంఘం అక్కర్లేదని ఆవిడ నోటితో చెబితే జనం వింటారట. దానికి బదులుగా ఇకమీదట ఆవిడకు రోజూ పొద్దుటి షిఫ్టే, నాకు రోజూ మధ్యాహ్నం షిఫ్టే. కంప్యూటర్లో అప్పుడే ఆవిడ కళ్ల ముందే మార్చేశాడట.

నేను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. ఇద్దరిలో ఒకరు మానాలన్న బెదిరింపు మా నెత్తిమీదినుంచి తీసేసినట్టే. మళ్లీ మామూలుగా గేటు దగ్గర పిల్లను అందించుకోవచ్చు. సరేనండి అన్న మాట నా నోటిదాకా వచ్చింది. అంతలో కాలేజీ మానేసే స్థితిలో ఉన్న నా పక్క కౌంటరమ్మాయి గుర్తొచ్చింది. దాని మొహం రేపు ఎలా చూడాలి?

"మీ ఇష్టం అత్తయ్యా" అన్నాను. "నేను మాత్రం వెనక్కి రాను."

"నిన్ను రమ్మన్నదెవరు?" అని ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ రెండు రోజులూ నేను ఆవిడను తిట్టుకోని క్షణం లేదు. కత్తితో చెబితే వాడు కూడా చల్లబడిపోయాడు. పెద్దమ్మ వద్దంటే కూరగాయలవాళ్లు, చేపలవాళ్లు, గోడౌనువాళ్లు అంతా అటే పోతారన్నాడు. గొడుగాయన మాత్రం టీ ఊదుకుంటూ, మాట్లాడనివ్వండి అన్నాడు. ఆయనకేం, ఆయన ఇంట్లో అత్త లేదు కదా అనుకున్నాను.

సోమవారం అన్ని షిఫ్టులవాళ్లనూ ఒకేసారి రప్పించారు, గోడౌన్ నిండిపోయింది. ఉడతను ఆ పూటకు టైలరమ్మ ఉంచుకుంది. ముందు వరసలో జోనల్ మేడమ్, పక్కన టై సర్దుకుంటూ మేనేజరు. అత్త ఉతికిన నీలం చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని ముందుకొచ్చింది. మైకు ఇస్తే వద్దంది. కూరగాయల దగ్గర కేకలేసి కేకలేసి ఆవిడ గొంతుకు మైకు అవసరం లేదు.

"నాకు మాట్లాడ్డం రాదు. మేనేజరుగారు మాట్లాడమన్నారు, మాట్లాడుతున్నాను" అని మొదలుపెట్టింది. "మీరందరూ ఆయన్ని తెగ తిట్టుకుంటున్నారు. అది తప్పు. ఆయన చాలా మంచివాడు. షిఫ్టులు నా చేతిలో లేవు, అంతా కంప్యూటరే అంటే మనం నమ్మాం. మొన్న నన్ను గదిలో కూర్చోబెట్టి, పెద్దమ్మ గారూ, ఇకనుంచి మీకు రోజూ పొద్దుటి షిఫ్టు, మీ కోడలికి రోజూ మధ్యాహ్నం షిఫ్టు అన్నారు. కంప్యూటర్లో టకటకా ఏదో కొట్టారు. నేను టీ తాగేలోపు అయిపోయింది. అంత సులువు అది."

మేనేజరు చెయ్యి టై మీదే ఆగిపోయింది.

"అంటే ఇన్నాళ్లూ మనం అడగలేదంతే" అంది అత్త. "నాకు చేసిన మనిషి మీకు చెయ్యడా? అందరూ ఒక్కొక్కరే వెళ్లి ఆయన్ని అడగండి. చేసేస్తారు. దీనికి ఓట్లెందుకు, సంఘాలెందుకు? నేను చెప్పాల్సింది అయిపోయింది."

వచ్చి తన పెట్టె మీద కూర్చుంది. ముందుగా కత్తి లేచాడు. చాలా వినయంగా వెళ్లి మేనేజరు ఎదురుగా నిలబడి, నాక్కూడా పొద్దుటిది వెయ్యండి సార్, మా నాన్నకు ఫిజియోథెరపీ సాయంత్రాలు అన్నాడు. వాడి వెనక నా పక్క కౌంటరమ్మాయి నిలబడింది. దాని వెనక ఇంకొకరు. చూస్తుండగానే అట్టపెట్టెల మధ్యనుంచి వరస గోడౌన్ తలుపుదాకా పోయింది. క్యూలో నిలబెట్టడం మాకు కొత్తేమీ కాదు, మా పనే అది. ఎవరూ అరవలేదు, ఎవరూ తోసుకోలేదు. ఒక్కొక్కరూ తమకేం షిఫ్టు కావాలో, ఎందుకు కావాలో మర్యాదగా చెబుతున్నారు. మేనేజరు జోనల్ మేడమ్ వైపు చూశాడు. ఆవిడ ఆయన వైపు చూసిన చూపు మాత్రం నేను నా శత్రువుకు కూడా కోరుకోను. మీటింగు ముగిసిందని చెప్పి ఆవిడ బయటికి నడిచింది. వరస మాత్రం ఇంకా నిలబడే ఉంది.

ఇంటికి వెళ్లే బస్సులో ఆవిడ పక్కన కూర్చున్నాను. అడగకుండా ఉండలేకపోయాను. కావాలనే అన్నారా అత్తయ్యా అన్నాను. కిటికీలోంచి బయటికి చూస్తూ, నేను సంఘం వద్దనే కదే చెప్పాను, నువ్వు వినలేదా అంది. ఈ రోజుకీ ఆవిడ దగ్గరనుంచి ఇంకో జవాబు రాలేదు.

కంపెనీ మాత్రం ఊరుకోలేదు. మర్నాటికల్లా ముఖద్వారం దగ్గర ఫొటో మాయమైంది. గోడ మీద తెల్లటి చతురస్రం మిగిలింది. పోనీలే, అందులో నా ముక్కు లావుగా వచ్చింది అంది అత్త. పొద్దుటి షిఫ్టూ పోయింది. ఆ వారమంతా మా ఇద్దరికీ రోజూ ఒకే టైము పడింది, ఎవరో పనిగట్టుకుని వేసినట్టు. ఒక్కరోజు తప్పినా ఒకరి ఉద్యోగం పోతుందని మాకు తెలుసు, వాళ్లకూ తెలుసు. కానీ ఆ వరసలో నిలబడ్డవాళ్లకు కూడా తెలుసు. మొదటిరోజు కత్తి భార్య మా ఇంటికొచ్చి ఉడతను ఎత్తుకెళ్లింది. రెండోరోజు గోడౌన్లో పనిచేసే అతని తల్లి. ఆ తర్వాత కౌంటరమ్మాయి హాస్టలు స్నేహితురాళ్లు. వారం తిరిగేసరికి ఉడతకు సగం ఊరు చుట్టాలైపోయారు, మాకు మాత్రం ఒక్క షిఫ్టు కూడా పోలేదు. అంతమంది మా గుమ్మంలోకి రావడం చూసి నాకు ఏడుపొచ్చింది. మనుషుల మీద నమ్మకం పెట్టుకోవడం తెలివితక్కువ పని కాదని నాకు తెలిసింది ఆ వారంలోనే.

ఓటింగు మేం అన్నాలు తినే గదిలో జరిగింది. కార్మిక శాఖ ఉద్యోగి ఒకాయన పెట్టె తెచ్చి, తాళం అందరికీ చూపించి బల్ల మీద పెట్టాడు. రోజంతా మేం పనిలోంచి వచ్చి వేసి వెళ్లాం. సాయంత్రం తెరిచారు. ఆయన ఒక్కో చీటీ విప్పి చదువుతుంటే నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. కాసేపటికి కత్తి నా భుజం పట్టుకుని కుదిపేస్తున్నాడు. పక్క కౌంటరమ్మాయి బల్ల ఎక్కేసింది. ఎటు చూసినా నీలం చొక్కాలు ఎగురుతున్నాయి. పెద్ద తేడాతో గెలిచాం. గొడుగాయన గదిలోనే గొడుగు విప్పేశాడు, ఎందుకో ఆయనకే తెలియాలి. అత్త మూలన నిలబడి, చాల్లే, బల్ల విరుగుతుంది దిగవే అని ఆ అమ్మాయిని కసురుతోంది. మీరు దేనికి వేశారు పెద్దమ్మా అని కత్తి అడిగితే, రహస్య ఓటంటే నీకు తెలీదా అంది.

గెలిచాక కూడా కంపెనీ నెమ్మదిగానే నడిచింది. నేడూ రేపూ అంటూ వాయిదాలు వేసింది. స్టోరు మూసేస్తారని మళ్లీ పుకార్లు లేచాయి. కానీ మా సంగతి విని పక్క ఊరి స్టోరువాళ్లు గొడుగాయనకు కబురు పెట్టారు. వాళ్లను చూసి ఆ పైఊరివాళ్లు. అక్కడా జనం మేనేజర్ల గదుల ముందు వరసలో నిలబడి, మాకూ పెద్దమ్మ షిఫ్టు వెయ్యండి సార్ అని అడగడం మొదలుపెట్టారట. కొత్త ఊళ్లు లేని కంపెనీ ఉన్న ఊళ్లన్నీ ఎలా మూసుకుంటుంది? తొలకరి పడే వేళకు సంతకాలు చేసింది. నెల ముందే షిఫ్టు చెబుతారు. చెప్పింది మార్చరు. ఎవరికేది కావాలో సర్వీసు వరసలో వాళ్లే ఎంచుకుంటారు.

ఎంచుకునే రోజున మళ్లీ అదే అన్నాల గదిలో అందరం చేరాం. మా ఇంట్లో ఎవరూ మానక్కర్లేదన్నది అప్పటికే ఖాయమైపోయింది. అత్త పొద్దుటిది తీసుకుంటుంది. నా వంతు వచ్చేసరికి ఎలాగూ మధ్యాహ్నాలే మిగులుతాయి. అంతా పాత పద్ధతే. నాకు అదే పదివేలు అనుకుంటూ కత్తి పక్కన కూర్చున్నాను. సర్వీసులో అందరికంటే పెద్ద అత్తే కాబట్టి మొదటి వంతు ఆవిడది. పొద్దుటి షిఫ్టు కింద ఆవిడ పేరు రాయడానికి గొడుగాయన అడక్కుండానే పెన్ను ఎత్తాడు.

"మధ్యాహ్నం" అంది అత్త.

ఆయన పొరపాటుగా విన్నాననుకుని మళ్లీ అడిగాడు.

"మధ్యాహ్నమేనండీ. ఆ పొద్దుటి చోటు నా కోడలికి రాయండి. దాని వంతుకు అక్కడ ఖాళీ ఉండదు, అందుకని ముందే నాది ఇచ్చేస్తున్నాను. ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పండి."

ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ముందు కత్తి బల్ల మీద చరిచాడు, తర్వాత గదంతా చరిచింది. నేను మాత్రం లేచి వెళ్లి ఆవిడ ముందు నిలబడ్డాను. ఎందుకత్తయ్యా అని అడిగాను.

"వచ్చే నెల నుంచి దానికి బడి" అంది ఆవిడ, నాకొక్కదానికే వినిపించేంత గొంతుతో. "పొద్దున పోతే మధ్యాహ్నానికి వస్తుంది. అప్పటికి ఇంట్లో నువ్వుండాలి. సాయంత్రాలన్నీ నేనే తిన్నానే ఇన్నాళ్లూ. నీ వంతు నువ్వు తీసుకో."

నాకు కళ్లు కనబడలేదు. అంతమందిలో ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చేశాను. ఆవిడ ఓసారి నా వీపు మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది.

"చాల్లే. కౌంటరు దగ్గర జనం నిలబడి ఉంటారు, మొహం కడుక్కుని పో. ఇకనుంచి పొద్దున్నే లేవాలి, ఆ బద్ధకం కూడా ఇక్కడే వదిలెయ్" అంది.

పెళ్లయ్యాక మొట్టమొదటిసారి ఆవిడ మాటకు ఎదురు చెప్పకుండా, మొహం కడుక్కుని వెళ్లి నా కౌంటర్లో నిలబడ్డాను.